సాగర్ వెనుక జలాల్లో తిరిగే చిన్న బోటుకు దారి చూపే పరికరం: దేనిని నమ్మవచ్చు?

నేరేడుగొమ్ము బోటు

అందరికీ నమస్కారం. మేము ముగ్గురు భాగస్వాములం కలిసి రెండేళ్ల కింద ఇరవై అడుగుల ఫైబర్ బోటు, దానికి వెనుక తగిలించే చిన్న పెట్రోలు ఇంజన్ కొన్నాము. నాగార్జున సాగర్ వెనుక జలాల్లో పుట్టీల మీద వలలు వేసే వాళ్ల దగ్గరికి తెల్లవారకముందే వెళ్లి, చేపలను తూకం వేయించుకొని, ఐసు పెట్టెల్లో సర్ది, ఏడు గంటలలోపు వైజాగ్ కాలనీ ఒడ్డుకు చేర్చడం మా పని. వెళ్లేటప్పుడు చీకటి, చలికాలమైతే వచ్చేటప్పుడు కూడా మంచు తెర ఉంటుంది.

గత నెలలో, రోజూ పోయే దారిలోనే, ఇంజన్ కింది భాగం నీటిలోని బండకు తగిలి ఫ్యాను రెక్క ఒకటి విరిగింది. మనుషులకు ఏమీ కాలేదు కానీ తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి ఎండ ఎక్కింది, సగం చేప ధర పోయింది. ఒక దుకాణదారు ఏడు అంగుళాల తెర ఉన్న జీపీఎస్ చూపించి, ఇందులో దేశమంతటి పటం ఉన్నదని, ఇది ఉంటే బండలన్నీ ముందే కనిపిస్తాయని చెప్పాడు. మా దగ్గర నలభై వేల రూపాయల దాకా ఉన్నాయి. ఏ కంపెనీ పరికరం నమ్మకమైనదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సోమశిల రేవు

నేను కొల్లాపూర్ వైపు శ్రీశైలం వెనుక జలాల్లో ఇరవై ఏళ్లకు పైగా బోటు నడుపుతున్నాను. మీ దుకాణదారును ఒక ప్రశ్న అడగండి: ఆ బండలను కొలిచింది ఎవరు? సముద్రం మీద ఓడలు వాడే పటాలను దేహ్రాదూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం తయారు చేస్తుంది, అందుకే తీరంలో పటం ఉన్న తెరకు ఒక అర్థం ఉన్నది. మన జలాశయం విషయానికి వస్తే, నేను ఇప్పటిదాకా చూసిన ఏ తెర మీదా నీలం రంగు మరక తప్ప అడుగున ఏమున్నదో కనిపించలేదు. ఆ మరక అంచు కూడా నిండు నీటి నాటిదో ఎండాకాలం నాటిదో చెప్పలేము. మా దగ్గర ఎండాకాలం వస్తే సంగమేశ్వరం గుడి మొత్తం నీటిలోనుంచి బయటపడుతుంది, వానాకాలంలో అదే చోట మీదుగా బోటు పోతుంది. అలాంటి చోట గీసిన పటం ఏ నెల పటమని అడగాలి కదా.

కంపెనీ పేరు తర్వాత చూడవచ్చు. ముందు మీకు కావలసింది ‘నేను ఎక్కడున్నాను’ అని చెప్పే పరికరమా, ‘నా కింద ఎంత నీరున్నది’ అని చెప్పే పరికరమా, అది తేల్చుకోండి. మీ రెక్క విరిగింది దారి తప్పినందువల్ల కాదు, దారిలోనే విరిగింది.

గొలుసు కొలత (మహబూబ్‌నగర్)

పై మాట సరైనది. నేను భూమి కొలతల పని చేసేవాడిని కాబట్టి స్థానం సంగతి మాత్రం చెబుతాను. అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలని కలిపే దోషాన్ని ఆపివేసిన నాటినుంచి, ఆకాశం తెరిచి ఉన్న చోట మామూలు రిసీవర్ కూడా అయిదారు మీటర్ల తేడాతో స్థానం చెబుతున్నది. మన దేశంలో జీశాట్-8, 10, 15 ఉపగ్రహాల ద్వారా నడిచే ‘గగన్’ సవరణ సంకేతాన్ని అందుకుంటే ఆ తేడా ఇంకా తగ్గుతుంది. విమానాల కోసం ఏర్పాటు చేసినదే అయినా అందుకోవడానికి రుసుము ఏమీ లేదు. చాలా పరికరాల్లో ఎస్‌బీఏఎస్ అనో, వాస్ అనో ఒక అమరిక ఉంటుంది, దానిని తెరిచి పెట్టుకుంటే చాలు.

నావిక్ ఉన్నదా అని చాలామంది అడుగుతారు. అది జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ, ఉండడం మంచిదే. అయితే దాని తొలి ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు చెడిపోవడం, 2025 జనవరిలో ప్రయోగించిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోవడం అందరికీ తెలిసినవే. కాబట్టి దాని పేరు చూసి ఎక్కువ ధర పెట్టకండి. జీపీఎస్‌తోపాటు గ్లోనాస్, గెలీలియో వంటి రెండు మూడు వ్యవస్థలను కలిపి అందుకునే రిసీవర్ అయితే నల్లమల గుట్టల మధ్య ఇరుకు చోట్ల ఉపయోగం కనిపిస్తుంది. అక్కడ ఆకాశంలో సగాన్ని రాతిగోడ మూసేస్తుంది, ఉన్న ఉపగ్రహాల్లో కొన్నింటి సంకేతం గోడకు కొట్టుకొని ఆలస్యంగా చేరుతుంది, అప్పుడు తెర మీద మీ బోటు ఒడ్డెక్కి నడుస్తున్నట్టు కనిపించినా ఆశ్చర్యపోవలసిన పని లేదు.

జూరాల గాలం

నేను సెలవు రోజుల్లో గాలం వేసే వాడిని మాత్రమే. ఫోనునే వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టుకొని, పటాన్ని ముందే దింపుకొని నడుపుతున్నాను. నలభై వేలు ఎందుకు ఖర్చు పెట్టాలో నాకు అర్థం కావడం లేదు.

సోమశిల రేవు

జూరాల మీద పగటిపూట, ఒడ్డు కనిపించేంత దూరంలో, ఫోను చాలు. వీరు చీకటిలో సంపాదన కోసం పోతున్నారు. ఏప్రిల్ నెలలో ఎండలో పెట్టిన ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోవడం మీరూ చూసే ఉంటారు. తడి చేతి వేళ్లను తెర గుర్తించదు. మూడోది, ఫోనుకు సిగ్నల్ లేని చోట, నాలుగు రోజులు ఆపి ఉంచి తెరిస్తే, స్థానం పట్టడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గడియారం పెట్టుకొని చూడండి.

గొలుసు కొలత (మహబూబ్‌నగర్)

దానికి కారణం కూడా చెబుతాను. ప్రతి ఉపగ్రహం తన సొంత కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి పంపుతుంది, మిగతా ఉపగ్రహాలన్నీ ఎక్కడున్నాయో చెప్పే పూర్తి పట్టిక అందడానికి మాత్రం పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోను ఈ సమాచారాన్ని నెట్‌వర్క్ నుంచి తెచ్చుకొని తొందరగా పని ముగిస్తుంది కాబట్టి మనకు ఊర్లో ఆ ఆలస్యం తెలియదు. నెట్‌వర్క్ లేని చోట అది కూడా ఉపగ్రహాల మాట వింటూ కూర్చోవలసిందే. అందువల్ల ఫోనైనా పరికరమైనా, ఒడ్డు మీద ఉండగానే, ఐసు ఎక్కించే సమయంలోనే తెరిచి పెట్టండి.

ఇంకొక చిన్న విషయం, చిన్నదే కానీ ప్రాణం మీదికి తెస్తుంది. వాట్సాప్‌లో ఎవరైనా స్థానం పంపితే అది దశాంశ డిగ్రీల్లో వస్తుంది. బోటు పరికరాలు మామూలుగా డిగ్రీలు, నిమిషాలుగా చూపుతాయి. సాగర్ ఆనకట్ట అక్షాంశం దాదాపు 16.575 డిగ్రీలు, అంటే 16 డిగ్రీల 34.5 నిమిషాలు. దానినే తొందరలో 16 డిగ్రీల 57.5 నిమిషాలుగా కొడితే 23 నిమిషాల తేడా వస్తుంది, భూమి మీద అది 42 కిలోమీటర్ల పైచిలుకు. ఆనకట్ట నల్లగొండ పట్టణం దరిదాపుల్లో మెట్ట చేలల్లోకి పోతుంది! అంత పెద్ద తప్పును ఎవరైనా పట్టుకుంటారు. ప్రమాదం చిన్న తేడాల్లోనే ఉన్నది. భాగస్వాములు ముగ్గురూ ఒకే పద్ధతిని ఎంచుకొని, పరికరం, ఫోను, కాగితం మూడింటిలోనూ అదే వాడండి.

నేరేడుగొమ్ము బోటు

అందరికీ ధన్యవాదాలు. సోమశిల రేవు గారు చెప్పినది నిజమే, మేము దారి తప్పలేదు. అక్కడ వానాకాలంలో వెదురు గెడ వేసినా అడుగు తగలలేదు. అయితే నీటి లోతు చూపే ఫిష్ ఫైండర్ ఒక్కటే కొనాలా? అది ముందున్న బండను చూపుతుందా?

సోమశిల రేవు

ముందున్న దానిని చూపదు. ఈ మాట అమ్మేవాడు చెప్పడు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

బోటు వెనుక నీటిలో దించే ట్రాన్స్‌డ్యూసర్ నుంచి శబ్దం కిందికి గరాటు ఆకారంలో పోతుంది. 200 కిలోహెర్ట్జ్‌ల వద్ద ఆ గరాటు సన్నగా ఉంటుంది. ఇరవై డిగ్రీల గరాటు అనుకుంటే, ముప్పై అడుగుల లోతున అది తాకే వృత్తం వెడల్పు పది, పదకొండు అడుగులు మాత్రమే. ఆరడుగుల లోతున రెండడుగులు. అంటే ప్రమాదం దగ్గరపడే కొద్దీ దాని చూపు చిన్నదవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే బోటు సెకనుకు పద్నాలుగు అడుగులు దాటుతుంది. లోతు హఠాత్తుగా తగ్గిందని తెర చెప్పే సమయానికి మీ బోటు ముక్కు ఆ బండను దాటి ఉంటుంది, ఇంజన్ దాని మీదికి వస్తూ ఉంటుంది.

మరి అది ఎందుకంటే, నిన్నటి అనుభవాన్ని ఇవాళ్టికి పనికివచ్చేటట్టు దాచుకోవడానికి. జీపీఎస్, లోతు రెండూ ఒకే పెట్టెలో ఉన్న అయిదు అంగుళాల పరికరం తీసుకోండి. గార్మిన్, లోరెన్స్, హమ్మిన్‌బర్డ్ మూడింటిలోనూ అలాంటివి ఉన్నాయి, మూడూ పని చేస్తాయి. వాటిలో ఏది మీకు నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో మరమ్మతు చేసిపెట్టే మనిషితో దొరికితే అది కొనండి. పగటి వెలుగులో నీటి మీద నింపాదిగా తిరిగి, నడిచిన దారిని అందులో నమోదు చేయండి, బండ కనిపించిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. తర్వాత చీకటిలో ఆ గీత మీదనే నడపండి. పటం కొనుక్కునేది కాదు, మీరే గీసుకునేది.

ఆ గుర్తు పక్కన లోతు రాయకండి. ఇది నేను రెండు సార్లు దెబ్బ తిని నేర్చుకున్నది. ‘ఇక్కడ 9 అడుగులు’ అని రాసుకుంటే వచ్చే నెలకు ఆ అంకెకు విలువ లేదు. ఆ రోజు జలాశయం మట్టం ఎంతో పత్రికలో చూడండి. ఉదాహరణకు మట్టం 562 అడుగులు, ట్రాన్స్‌డ్యూసర్ కింద 9 అడుగులు, ట్రాన్స్‌డ్యూసర్ నీటి ఉపరితలం నుంచి ఒక అడుగు కింద ఉన్నది అనుకోండి. 562 లోనుంచి 10 తీసివేస్తే బండ నెత్తి 552 అడుగుల మీద ఉన్నది. ఆ అంకె ఎన్నటికీ మారదు. మట్టం 554కు దిగిన రోజు దాని మీద రెండే అడుగుల నీరు, మీ ఇంజన్ కింది భాగం అంతకంటే లోతుకు పోతుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, ఎండాకాలంలో అది ఎంత కిందికి దిగుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు.

గొలుసు కొలత (మహబూబ్‌నగర్)

ఈ లెక్కను మేము రోజూ చేస్తాము కానీ బోటు కోసం ఎప్పుడూ ఆలోచించలేదు, చాలా బాగున్నది. ఒక్క జాగ్రత్త చేరుస్తాను. పత్రికలో వచ్చే మట్టం ఆనకట్ట దగ్గరిది. వరద ఆగిన రోజుల్లో జలాశయమంతా పళ్లెంలో నీటిలా సమంగా ఉంటుంది కాబట్టి అది అంతటా వర్తిస్తుంది. పైనుంచి లక్షల క్యూసెక్కులు వస్తున్నప్పుడు ఎగువ కొసన నీరు వాలుగా, ఎత్తుగా ఉంటుంది. శ్రీశైలం విద్యుత్ కేంద్రాలు నడిచినా ఆగినా ఆ కొసన మట్టం గంటల్లో మారుతుంది. చందంపేట ఎగువన గుర్తులు పెట్టేవారు వరద లేని రోజునే కొలవాలి.

పాత టోపోషీట్లను, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటాలను, స్కాన్ చేసి పరికరంలో వేసుకోవచ్చా అని ఇదివరకు ఒకరు నన్ను అడిగారు. 1955లో పని మొదలైన ఆనకట్ట కింద మునిగిన భూమికి వాటిలో రూపం ఉంటుంది, చూడడానికి ఆసక్తిగా ఉంటుంది. అయితే పాత అంగుళానికి మైలు షీట్లలో ఎత్తు గీతలు 50 అడుగుల తేడాతో ఉంటాయి, మన బండ ఆ రెండు గీతల మధ్య హాయిగా దాక్కుంటుంది. పైగా అవి ఎవరెస్ట్ ఆధార ప్రమాణంలో గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే వేరే ప్రమాణం. సవరించకుండా వేస్తే అంతా పక్కకు జరుగుతుంది. ఊరు ఎక్కడుండేదో, వాగు ఏ వైపు పారేదో తెలుసుకోవడానికి సరే, బోటు నడపడానికి వద్దు.

దేవరకొండ వైరింగ్

పరికరం సంగతి మీరందరూ చెప్పారు, దానికి కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే బోటు పరికరాల్లో ఎక్కువ వాటికి లోపల ఏ జబ్బూ ఉండదు. వైరు కొసన పచ్చటి తుప్పు, లేదా మోటారు సైకిల్ హారన్‌కు వాడే సన్నని వైరు, లేదా ఫ్యూజు స్థానంలో చుట్టిన రాగి తీగ కనిపిస్తుంది. పరికరం దానికదే ఆగిపోయి మళ్లీ వెలుగుతున్నదని కంపెనీని తిట్టే ముందు, ఇంజన్ స్టార్ట్ చేసే క్షణాన దాని తెర మీద వోల్టేజీ అంకె చూడండి. సెల్ఫ్ స్టార్టర్ ఉన్న ఇంజన్ తిరిగేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ పదికి, అంతకంటే కిందికి జారుతుంది, చాలా పరికరాలు అక్కడే కళ్లు మూస్తాయి.

మీకు తాడు లాగే ఇంజన్ అయితే బోటులో బ్యాటరీయే లేకపోవచ్చు. యూపీఎస్‌లలో వచ్చే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ పరికరానికి విడిగా పెట్టండి. అయిదు అంగుళాల తెర వెలుగును బట్టి అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ దాకా తీసుకుంటుంది. సీసం బ్యాటరీని సగానికంటే ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి మూడున్నర గంటలు నిశ్చింతగా నడుస్తుందని లెక్కవేసుకోండి. మీ పనికి అది సరిపోతుంది, ఇంటికి రాగానే ఛార్జింగ్‌కు పెట్టాలి. బ్యాటరీ దగ్గరే, జానెడు దూరంలోపల, పరికరం పుస్తకంలో చెప్పిన ఫ్యూజు వేయండి. జాయింట్లను టేపుతో చుట్టకుండా టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

పెట్టె మీద ఐపీఎక్స్7 అని ఉంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. అది పెట్టెకే, వెనుక ప్లగ్గు వదులుగా ఉంటే దానికి కాదు. చేపల రసం, ఉప్పు కలిపిన ఐసు నీళ్లు మంచి నీటికంటే తొందరగా రాగిని తింటాయి.

జూరాల గాలం

నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. ఒకటి అడగాలి. సిగ్నల్ లేని చోట ఆపద వస్తే సందేశం పంపే ఉపగ్రహ పరికరాలు విదేశీ వెబ్‌సైట్లలో కనిపిస్తున్నాయి. అవి తెప్పించుకోవచ్చా?

గొలుసు కొలత (మహబూబ్‌నగర్)

తెప్పించుకోకండి. మన దేశంలో ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, తెలియక తెచ్చుకున్న విదేశీ పర్యాటకులు విమానాశ్రయాల్లో పోలీసు కేసులు ఎదుర్కొన్నారు. సంకేతాన్ని అందుకోవడం మాత్రమే చేసే జీపీఎస్‌కు ఈ చిక్కు లేదు. జలాశయం మీద మీకు రక్షణ అంటే లైఫ్ జాకెట్, మంచి టార్చి, ఈల, ఎప్పుడు తిరిగి వస్తారో ఒడ్డు మీద తెలిసిన ఒక మనిషి.

సోమశిల రేవు

దానితోపాటు రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే చేతి జీపీఎస్ ఒకటి సంచిలో ఉంచండి, పాతది దొరికినా సరే. గుర్తులు, దారి గీత అందులో కూడా వేసుకోండి. పెద్ద తెర ఆరిపోయిన రోజున ఇల్లు చేర్చేది అదే. ద్రవం నిండిన చిన్న దిక్సూచి కూడా పెట్టుకోండి. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే కాబట్టి లెక్కలు అవసరం లేదు. ఇంజన్ పక్కన, స్పీకరు పక్కన మాత్రం బిగించకండి.

నేరేడుగొమ్ము బోటు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఏడు అంగుళాల తెర వదిలేసి, లోతు, జీపీఎస్ కలిసిన అయిదు అంగుళాల పరికరం కొన్నాము, మిగిలిన డబ్బుతో బ్యాటరీ, చేతి జీపీఎస్, నాలుగు లైఫ్ జాకెట్లు వచ్చాయి. వరుసగా మూడు మధ్యాహ్నాలు ఏలేశ్వరం గుట్ట వైపు నింపాదిగా తిరిగి పదకొండు బండలను, మునిగిన రెండు చెట్ల మొద్దులను గుర్తు పెట్టాము. పుట్టీల వాళ్లు మా తెర చూసి నవ్వారు కానీ, ప్రతి బండకూ వాళ్ల దగ్గర పేరున్నది. ఆ పేర్లనే ఎక్కించుకున్నాము. మా రెక్క విరిచిన దాని పేరు గేదె బండ అట.

ఒక్క ఇబ్బంది ఉన్నది. నెమ్మదిగా పోతే లోతు అంకె స్థిరంగా ఉంటుంది. వేగం పన్నెండు దాటగానే అంకె మెరిసి మాయమవుతున్నది, ఒక్కోసారి నలభై అడుగుల చోట మూడు అడుగులని చూపుతున్నది. పరికరం చెడిపోయినదా?

దేవరకొండ వైరింగ్

చెడిపోలేదు, ట్రాన్స్‌డ్యూసర్ నురుగులో ఉన్నది. గాలి బుడగల గుండా ఆ శబ్దం పోలేదు. ఫైబర్ బోటుకు దాని అడుగు బోటు అడుగు అంచు కంటే మూడు మిల్లీమీటర్లు కిందికి ఉండాలి, ముందు కొస కంటే వెనుక కొస పైకి లేవకూడదు. ఇంజన్ ఫ్యానుకు అడుగుంపావు దూరమైనా ఉండాలి. మీరు ముందుకు పోయేటప్పుడు ఫ్యాను రెక్కలు ఏ వైపు కిందికి దిగుతాయో చూసి ఆ వైపు బిగించండి, బుడగలు అటు తక్కువగా వస్తాయి. బోటు అడుగున పొడవుగా గాడి ఉంటే దాని వెనుక వద్దు. ముందు చెక్క ముక్కకు బిగించి, ఆ చెక్కను బోటుకు అతికించండి, ప్రతిసారీ బోటుకు కొత్త రంధ్రం చేయవలసిన పని ఉండదు.

నేరేడుగొమ్ము బోటు

చెక్క ముక్క సలహా పనికివచ్చింది, రెండో ప్రయత్నానికే కుదిరింది. కుడి వైపుకు మార్చి, వెనుక కొస దించిన తర్వాత పూర్తి వేగంతో పోయినా అంకె నిలుస్తున్నది. లోతును నీటి ఉపరితలం నుంచే చూపేటట్టు ఒక అడుగు కలిపి అమర్చాము, ఇక కూడికతో పని లేదు.

నిన్న పత్రికలో మట్టం 556 అడుగులు. గేదె బండ నెత్తి 552. రోజుకు అర అడుగు చొప్పున దిగుతున్నది కాబట్టి రేపటికి దాని మీద మూడు అడుగులే మిగులుతాయి. ఆ రోజు నుంచి కుడి ఒడ్డు దారి మానేసి, ఏలేశ్వరం గుట్ట వెనుకనుంచి చుట్టి వస్తాము. ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఐసు మరో పెట్టె వేసుకోవాలి.